బస్వరాజ్ మూసిన చెవి

జహీరాబాద్ ఊళ్లోంచి చిరాగ్‌పల్లి వైపు పోయే పాత రోడ్డు మీద ఎడమ చేతి పక్క ఒక రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు మీద ‘బస్వరాజ్ కుషన్ వర్క్స్’ అని రాసి ఉంటుంది గానీ కుషన్ల కోసం అక్కడ ఆగే లారీ తక్కువ. అందరూ ఆగేది బానెట్ కోసమే. పాత లారీల్లో ఇంజిన్ ఎక్కడో ముందు విడిగా ఉండదు. క్యాబిన్ లోపలే, డ్రైవర్ ఎడమ మోకాలి పక్కనే ఉంటుంది. దాని మీద ఒక పెద్ద ఇనుప మూత. ఆ మూతనే మనవాళ్లు బానెట్ అంటారు. ఎండాకాలం దాని మీద చెయ్యి పెట్టలేం. ఇక దాని మోత సంగతి చెప్పనే అక్కర్లేదు, పక్క సీట్లో ఉన్న మనిషిని బీడీ అడగాలన్నా గొంతు చించుకోవాలి. ఆ సెగనీ ఆ మోతనీ మూత కిందే అణిచిపెట్టే పని బస్వరాజ్‌ది.

వాళ్ల తాత బీదర్ వైపు నుంచి వచ్చాడు. అందుకే బస్వరాజ్‌కి ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు, దూరం నుంచి వచ్చిన డ్రైవర్లతో హిందీ. మూడింటిలోనూ గొప్పలే చెప్పుకుంటాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి.

పని చూడటానికి తేలిక. మూత లోపలి వైపు గ్లాస్ వూల్, అంటే గాజు పీచు, పరిచి, ఇంజిన్ సెగ తగలకుండా దాని మీద వెండిరంగు రేకు కప్పాలి. పై వైపు ఫోమ్ వేసి, రెక్సిన్ తొడిగి గళ్లు గళ్లుగా కుట్టాలి. అంతే కదా అంటారు. చేసి చూడండి! గ్లాస్ వూల్ ముట్టుకున్న చెయ్యి సాయంత్రం దాకా దురద పెడుతూనే ఉంటుంది. ఒంటికి కొబ్బరినూనె పూసుకుని, నిండు చేతుల చొక్కా వేసుకుని, మూతికి దస్తీ కట్టుకుని దిగాలి. అతని భార్య గిరిజమ్మ పెళ్లైనప్పటి నుంచీ అతని బట్టలు వేరే బకెట్‌లో ఉతుకుతుంది, పైగా తిడుతూ ఉతుకుతుంది.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. మూత మొత్తం గ్లాస్ వూల్‌తో నింపకూడదు. డ్రైవర్ మోకాలి దగ్గర అరచెయ్యంత జాగా ఉత్తగా వదిలెయ్యాలి. బయటికి కనిపించదు, పైన రెక్సిన్ ఒకేలా ఉంటుంది. దాన్ని ‘చెవి’ అంటారు. బస్వరాజ్‌కి పని నేర్పిన హుమ్నాబాద్ ఉస్తాద్ పెట్టిన పేరది. పాత లారీల్లో మీటర్లు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. ఇంజిన్‌కి ఏమైనా అయితే డ్రైవర్‌కి తెలిసేది ఆ చెవి వల్లే. ఫ్యాన్ బెల్టు తెగబోయే ముందు కీచుమని ఏడుస్తుంది, ఆ ఏడుపు ఆ జాగాలోంచి వినిపిస్తుంది. నీళ్లు ఉడికితే సెగ మోకాలికి తగులుతుంది. చెవి వదలడం తెలియని వాడు బానెట్ పని ముట్టుకోకూడదని ఉస్తాద్ అనేవాడు, బస్వరాజ్ కూడా అదే అనేవాడు.

మరి పని బాగా కుదిరిందో లేదో తేల్చేది ఎవరు? డ్రైవర్ల పెళ్లాలు. నవ్వకండి, ఇక్కడ ఆనవాయితీ అదే. కొత్త బానెట్ బిగించగానే డ్రైవర్ సీటెక్కి, అద్దాలు ఎత్తి, ఇంజిన్ చాలు చేసి, ఇంటికి ఫోన్ కొడతాడు. ఏం కూర వండినవ్, పిల్లలు బడికి పోయిన్రా, ఏదో ఒకటి మాట్లాడాలి, గొంతు మాత్రం పెంచకూడదు. అవతల ఆమె ‘ఏందీ? ఇనవడ్తలే’ అన్నదంటే పని ఖరాబు, విప్పి మళ్లీ చెయ్యాల్సిందే. మామూలుగా జవాబిస్తే పాస్. ఇక ‘బండి ఆపినవా?’ అని అడిగిందనుకోండి, దానికి మించిన మెప్పు లేదు. ఇంజిన్ నడుస్తున్న సంగతే ఆమెకి తెలియలేదన్నమాట! ఆ మాట పడిన రోజు బస్వరాజ్ ఇంటికి వెళ్లే నడకే వేరుగా ఉండేది. అన్నం తింటూ ఒకసారి, చెయ్యి కడుక్కుంటూ ఒకసారి గిరిజమ్మకి చెప్పేవాడు.

ఇంత సుఖంగా ఉన్నవాడి కడుపులో నిప్పు పోసినవాడు జగదీశ్.

జగదీశ్ పరాయివాడైతే ఏ గొడవా లేదు. గిరిజమ్మ చెల్లెలు మనోరమ మొగుడు, అంటే బస్వరాజ్‌కి స్వయానా సడ్డకుడు. రాయికోడ్ దగ్గర పత్తి వేసి రెండు మూడు పంటలు పోగొట్టుకుని వస్తే, బస్వరాజే షెడ్డులో పెట్టుకుని సూది పట్టుకోవడం దగ్గర నుంచి అన్నీ నేర్పాడు. చెవి వదలడం కూడా నేర్పాడు. కొన్నేళ్లు అన్నా అన్నా అంటూ వెనకే తిరిగిన మనిషి, ఒక శ్రావణమాసంలో సొంత దుకాణం పెట్టుకున్నాడు. ఎక్కడ? సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల. జహీరాబాద్‌లో ఇంకెక్కడా జాగానే దొరకనట్టు!

“అన్నా, మొదటి కొబ్బరికాయ నీ చేతనే కొట్టియ్యాలె” అని వచ్చి పిలిచాడు. వెళ్లక తప్పలేదు. కొట్టాడు. కాయ చక్కగా రెండు చెక్కలైంది, లోపల తెల్లగా మెరిసింది. కుళ్లినా బాగుండేదని బస్వరాజ్ మనసులో అనుకున్నాడు. అనుకుని, పైకి నవ్వి, ప్రసాదం తిన్నాడు.

జగదీశ్ హైదరాబాద్ నుంచి కొత్త రకం షీట్లు తెప్పించాడు. నల్లగా, బరువుగా, రబ్బరులా ఉంటాయి. వెండి రేకు ముందే అంటించి వస్తుంది. కత్తిరించి అతికించడమే. దురద లేదు, కొబ్బరినూనె లేదు, దస్తీ లేదు. తెల్లచొక్కా వేసుకుని బానెట్ పని చేసే మనిషిని బస్వరాజ్ జన్మలో చూడలేదు. ఆ తెల్లచొక్కా కళ్లబడ్డప్పుడల్లా అతనికి చేతులు దురద పెట్టేవి.

పోనీ, వాడి పని చెత్తగా ఉన్నా ప్రాణం హాయిగా ఉండేది. అదీ లేదు. గాలి ఇటు తిరిగినప్పుడు, రోడ్డు అవతల డ్రైవర్లు బండి దిగి పెళ్లాలు అన్న మాటల్ని నవ్వుతూ చెప్పుకోవడం వినిపించేది. ‘బండి ఆపినవా?’ అని ఒకామె. ‘బండి చాలు చెయ్యలేదా ఇంకా?’ అని ఇంకొకామె. ఆ మాటలు చెవిన పడితే బస్వరాజ్ సూది ఆగిపోయేది. ఎన్నేళ్లుగానో తన ఒక్కడిదే అనుకున్న మాట, రోడ్డు దాటి వాడి దగ్గరికి వెళ్లిపోయింది.

గిరిజమ్మ మధ్యాహ్నం సద్ది తెచ్చేది. జొన్నరొట్టె ముందు పెట్టుకుని రోడ్డు అవతలికే చూస్తూ ఉండేవాడు.

“ఏమయ్యా, తింటున్నవా, కావలి కాస్తున్నవా?”

“వాడు చెవి మూస్తున్నడే” అన్నాడు ఒకరోజు.

“ఎవరు?”

“ఇంకెవరు, మీ చెల్లె మొగడు. చెవి ఇడిస్తే అంత నిమ్మళం రానే రాదు. నాకెర్క లేదా? మోసం పని చేస్తున్నడు.”

“నువ్వు చూసినవా?”

“చూసేదేముంది అండ్ల.”

“చూడకుండనే మీదేస్తున్నవా? మా జగదీశ్ అసుంటోడు కాదు.”

“మా జగదీశ్ అంట, మా జగదీశ్! పో, పోయి హారతి ఇచ్చి రా” అని రొట్టె గిన్నె పక్కకి నెట్టాడు.

వాడు మోసం చేస్తున్నాడన్న ఆలోచన వచ్చాక బస్వరాజ్‌కి కొంచెం ఊపిరాడింది. ఎదుటివాడు తన కంటే పనిమంతుడని ఒప్పుకోవడం కంటే దొంగ అనుకోవడం సులువు కదా.

అలాంటి రోజుల్లో సాయన్న వచ్చాడు.

సాయన్నది ఝరాసంగం దగ్గర ఊరు. సొంత లారీ, తనే డ్రైవర్. అల్లం, ఆలుగడ్డ సోలాపూర్ మార్కెట్‌కి వేస్తాడు. బస్వరాజ్ షెడ్డు వేసిన కొత్తలో వచ్చిన మొదటి బేరం ఆయనే. అప్పటి నుంచీ ఆ లారీ బానెట్ మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. తన కూతురి పెళ్లిలో బస్వరాజ్‌ని ఇంటి మనిషిలా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఊళ్లో ఎంతమంది బేరగాళ్లు పోయినా బస్వరాజ్ కడుపు మండిందే తప్ప గుండె జారలేదు. సాయన్న ఉన్నాడు, అది చాలు అనుకునేవాడు.

ఆ సాయన్న బండి దిగి, టీ తాగి, మెడ వెనక గోక్కుంటూ అన్నాడు.

“బస్వా, ఒక మాటంట, మనసుల పెట్టుకోకు. బానెట్ పిగిలిపోయింది, కొత్తది కుట్టియ్యాలె. మొన్న మా ఊరోని బండెక్కిన, ఈ జగదీశ్ చేసిండంట. ఏం చేసిండ్రా బై! పండుకుంటె నిద్ర పడ్తది. ఈ పారి వాని కాడ చేపిద్దామా అని మనసైంది. గని నీకు చెప్పకుండ ఎట్ల పోత?”

బస్వరాజ్‌కి ఎవరన్నా తన ఇల్లు ఖాళీ చేయమన్నట్టు అనిపించింది. సాయన్న బండి రోడ్డు అవతల నిలబడి ఉండటం, జగదీశ్ తెల్లచొక్కాతో దాని మీదికి ఎక్కడం, అన్నీ కళ్ల ముందు కదిలాయి.

“సాయన్నా, బండి ఇయ్యాల నాకు ఇడిసిపెట్టు. వానికన్న ఒక్క రవ్వ ఎక్కువ సప్పుడొచ్చినా, నేనే బండి తోలి వాని దుకాణం ముంగట పెడ్త.”

“అరె, పంతమెందుకురా?”

“ఇడిసిపెట్టు అన్న గద!”

సాయన్న నవ్వి, తాళంచెవులు ఇచ్చి, బజారుకి వెళ్లాడు.

బస్వరాజ్ ఆ రోజు చేసిన పని చూడాలి మీరు. గ్లాస్ వూల్ రెట్టింపు పరిచాడు. మూత అంచుల్లో, గేర్ లీవర్ దిగే సందుల్లో, ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ కుక్కాడు. చెమటకి గ్లాస్ వూల్ అంటి ఒళ్లంతా మంటలెత్తినా ఆగలేదు. అంతా అయ్యాక మోకాలి దగ్గర అరచెయ్యంత జాగా మిగిలింది. చెవి.

చేతిలో గ్లాస్ వూల్ ముక్క పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఉస్తాద్ గుర్తొచ్చాడు. కానీ ఉస్తాద్‌కి ఎదురుగా జగదీశ్ దుకాణం లేదు కదా! చెవి వదిలితే చప్పుడు కొంచెం వస్తుంది. కొంచెం వస్తే సాయన్న రోడ్డు దాటతాడు. వాడు మూస్తే లేని తప్పు నేను మూస్తే వచ్చిందా అనుకున్నాడు. ముక్క నొక్కి కుక్కాడు, దాని మీద రేకు అంటించాడు, పైన రెక్సిన్ బిగించి చకచకా కుట్టేశాడు.

సాయన్న వచ్చి సీటెక్కాడు. అద్దాలు ఎత్తి, ఇంజిన్ చాలు చేసి, భార్య నారమ్మకి ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టమన్నది బస్వరాజే.

“నారమ్మా, ఏం వండినవే?”

“చింతపండు పులుసు. ఎప్పుడొస్తవ్? బండి ఆపినవా?”

సాయన్న పకపకా నవ్వాడు. “ఆపలేదే, నడుస్తున్నది!”

“నడుసుడేంది? నాతోని పరాచికాలా? హోటల్ల కూసున్నట్టున్నవ్, సక్కగ ఇంటికి రా” అని ఆమె పెట్టేసింది.

ఇంత మెప్పు బస్వరాజ్ జన్మలో ఎరగడు. క్యాబిన్ మెట్టు మీద నిలబడి రోడ్డు అవతలికి చూశాడు. జగదీశ్ చూస్తున్నాడు. చూడనీ! కుళ్లిపోనీ! జగదీశ్ రోడ్డు దాటి వచ్చి, లారీ మెట్టెక్కి, బానెట్ మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఉన్నాడు.

“మస్తు కుదిరిందన్నా” అని, గొంతు తగ్గించి, “చెవి ఇడిసినవ్ గద?” అన్నాడు.

బస్వరాజ్‌కి ఎక్కడో కాలింది. ఓర్వలేక అడుగుతున్నాడు, పైగా మూసేది తనే, నాకు చెప్పడానికి వచ్చాడు అనుకున్నాడు.

“నాకే నేర్పుతున్నవా? పో, నీ పని చూసుకో” అన్నాడు.

జగదీశ్ వెళ్లిపోయాడు. సాయన్న బస్వరాజ్ భుజం తట్టి, అల్లం లోడు ఎక్కించుకోవడానికి మార్కెట్‌కి బయలుదేరాడు. ఆ సాయంత్రం గిరిజమ్మ నారమ్మ మాటల్ని ఎన్నిసార్లు వినాల్సి వచ్చిందో అడగకండి.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. ఒక మధ్యాహ్నం సాయన్న ఫోన్ చేశాడు. గొంతు ఆయనది కాదన్నట్టుంది.

“బస్వా, బండి పట్టేసిందిరా. మన్నెకెళ్లి ఊరు దాటినంక చడావ్ ఎక్కుతుంటె ఒక్కసారే ఆగిపోయింది. మిస్త్రీ మాణిక్‌ను తోలుకొని రా.”

బస్వరాజ్‌కి ఎందుకు ఆగిందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. మాణిక్ పనిముట్ల పెట్టె బైక్ మీద పట్టేది కాదు, ఆ చుట్టుపక్కల నాలుగు చక్రాల ట్రాలీ ఆటో ఉన్నది జగదీశ్‌కే. సంగతి తెలియగానే వాడు దుకాణం షట్టర్ దించి, బండి తెచ్చి షెడ్డు ముందు నిలిపాడు. మాణిక్ ఒక పక్క, జగదీశ్ ఒక పక్క, మధ్యలో బస్వరాజ్ ఇరుక్కుని కూర్చున్నాడు. అంత భయంలోనూ అతని బుద్ధి ఎలాంటిదో చూడండి: ఈ బోడి ట్రాలీకి కూడా కింద షీటు వేయించాడే, చప్పుడే లేదే అని ఒళ్లు మండింది.

ఎత్తు ఎక్కే ఆ చడావ్ మధ్యలో లారీ పక్కకి ఒరిగి నిలబడి ఉంది. ముందు నుంచి ఆవిరి ఇంకా వస్తోంది. సాయన్న కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు. లేచి రాలేదు.

కొత్తగా కుట్టిన మూత చెడకుండా విప్పాలంటే బానెట్ పని తెలిసినవాళ్లే విప్పాలి. బస్వరాజ్ ఎక్కబోయే లోపు జగదీశ్ ఎక్కేశాడు. పట్టీలు విప్పి, మూత ఎత్తి, తిరగేసి రోడ్డు పక్కన పెట్టాడు. వాడి చెయ్యి అలవాటుగా మోకాలి వైపుకి వెళ్లింది. అక్కడ రేకు నొక్కి చూశాడు. మళ్లీ నొక్కాడు. తలెత్తి బస్వరాజ్ వంక చూశాడు.

బస్వరాజ్ చూపు తిప్పుకున్నాడు.

జగదీశ్ మూతని మళ్లీ వెల్లకిలా తిప్పి, రెక్సిన్ పైకి ఉండేలా పెట్టేశాడు.

మాణిక్ ఇంజిన్‌లోకి వంగి చూసి లేచాడు. “బెల్టు తెగిందే సాయన్నా. నీళ్లు ఉడికినయ్, ఇంజిన్ జామైంది. మొత్తం విప్పాల్సిందే. గని బెల్టు ఊకెనే తెగదు గద, ముందుగాల ఏడుస్తది. ఇనవడలేదా నీకు?”

సాయన్న నేల వైపు చూస్తూ అన్నాడు. “ఇనవడలే మాణిక్. గదే నాకు సమజైతలే. ఇన్నేండ్లల్ల ఒక్కపారి గిట్ల కాలే. మోకాలుకు సెగ తగలాలె, అది గూడ తెల్వలే. చెవులు పోయినయ్, ఒళ్లు మొద్దువారింది. ముసలోన్నైన. నారమ్మ ఎప్పటిసంది చెప్తున్నది, ఇగ స్టీరింగ్ ఇడిసిపెట్టు అని. ఇడిసిపెడ్త. ఇయ్యాల బండే పోయింది, రేపు ఎవల మీదికన్న తోల్త.”

అన్నాక కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆయన తుడుచుకున్నది చెమట కాదని అక్కడ అందరికీ తెలుసు. లారీ తప్ప ఇంకో పని ఎరగని మనిషి.

“చెవులకేమైంది కాకా, మంచిగనే ఉన్నయ్” అన్నాడు జగదీశ్. “బెల్టు పాతది. పాత బెల్టు గట్లనే సప్పుడు లేకుండ తెగుతది ఒక్కోపారి.”

మాణిక్ వాడి వైపు వింతగా చూశాడు.

బస్వరాజ్‌కి అర్థమైంది. వీడు నన్ను కాపాడుతున్నాడు. నోట్లోంచి ఒక్క మాట జారితే చాలు నా బతుకు రోడ్డున పడుతుంది, అయినా నోరు మూసుకుని ఉన్నాడు. రేపటి నుంచి రోడ్డు అవతల వాడు తలెత్తి చూసినప్పుడల్లా నేను తల దించుకోవాలి. వాడి దయ మీద సూది పట్టుకోవాలి. పని వాడిదే బాగుంది, షీట్లు వాడివే బాగున్నాయి, ఇప్పుడు మంచితనం కూడా వాడిదేనా? ఇక నాకేం మిగిలింది?

నిజం చెప్తున్నాను, సాయన్న కన్నీళ్లు చూసి మాత్రమే బస్వరాజ్ నోరు తెరిచి ఉంటే ఇతన్ని గొప్పవాడు అనేద్దును. ఆ కన్నీళ్లు గుచ్చుకున్నమాట నిజమే. కానీ నోరు తెరిపించింది మాత్రం అసూయే.

“నీ చెవులు పోలేదు సాయన్నా” అన్నాడు. “నేనే మూసిన.”

“ఏంది?”

“బానెట్ల డ్రైవర్ మోకాలు కాడ ఉత్త జాగా ఇడుస్తం. ఇంజిన్ సప్పుడు, సెగ, అండ్లకెల్లే మీకు తెలుస్తయ్. నీ బండికి ఎప్పుడూ ఇడిసిన. ఈ పారి ఇడువలే. వీని పని కంటె నా పని నిమ్మళంగ ఉండాలని మూసేసిన.”

రోడ్డు మీద ఒక చెరుకు ట్రాక్టర్ పోయింది. సాయన్న తలెత్తాడు.

“అంటె నా చెవులు మంచిగనే ఉన్నయా?”

“మంచిగనే ఉన్నయ్.”

“నేను ముసలోన్ని కాలేదా?”

“కాలే సాయన్నా.”

సాయన్న మొహంలోకి ఒక్క క్షణం వెలుగు వచ్చింది. ఆ వెలుగు వెనకే కోపం వచ్చింది. లేచి నిలబడ్డాడు.

“నీకు వాని మీద కండ్లమంటుంటె వాని తోని తన్నుకోరాదురా! మధ్యల నా ఇంజినే దొరికిందా నీకు? ఇన్నేండ్లు నిన్ను తమ్ముడనుకున్న గద!” జగదీశ్ వైపు తిరిగాడు. “నువ్వు గూడ! మూత తిప్పి చూసినవ్. నేను చూడలేదనుకున్నవా? నేను స్టీరింగ్ ఇడిసిపెడ్త అని ఏడుస్తుంటె బెల్టు పాతదన్నవ్. మీ ఇద్దరి చుట్టరికం ముంగట నేనేంది? నా బండికి ఇగ బానెటే వద్దు. నీదొద్దు, వానిదొద్దు. ఉత్త ఇనుప మూత పెట్టుకొని తిరుగుత. పోన్రి!”

మాణిక్ బండి దగ్గరే ఉండిపోయాడు. తిరుగు ప్రయాణంలో ట్రాలీలో ఇద్దరే. చిరాగ్‌పల్లి దగ్గరికి వచ్చారు.

“ఎందుకు చెప్పినవన్నా?” అన్నాడు జగదీశ్ చివరికి. “నేను నోరు మూసుకున్న గద.”

“నువ్వు మూసుకున్నవనే చెప్పిన” అన్నాడు బస్వరాజ్ కసిగా. “నువ్వు చెవి మూస్తవ్ గద, నీకేం తెలుస్తది.”

“నేనా?” జగదీశ్ బండి పక్కకి ఆపేశాడు. “నేనెప్పుడు మూసిన? నువ్వు నేర్పిన పని గదన్నా అది. ఏ బండన్న తెచ్చి విప్పి చూస్కో.”

బస్వరాజ్ ఇన్నాళ్లు పట్టుకుని వేలాడిన ఒక్క మాటా జారిపోయింది. వాడు దొంగ కాడు, పనిమంతుడు. అంతే.

జగదీశ్ స్టీరింగ్ మీద వేలితో గీకుతూ అన్నాడు. “ఒకటి చెప్పాల్నా? మూత తిప్పి చూసినప్పుడు నాకెంత ఖుషీ అయిందో నీకెర్క లేదు. దొరికిండు అనుకున్న. నా దుకాణంల ఎవడొచ్చినా, బస్వన్న కుట్టు లెక్క కుట్టు అంటడు. మనోరమ గూడ అంటది, మా బావ చెయ్యి వేరు, నీకు రాదు అని. ఎంత మండుతదో! ఇయ్యాల అందరి ముంగట చెప్పేద్దామని నోటిదాక వచ్చింది. మల్ల నా మీద నాకే సిగ్గైంది. గందుకే మూసుకున్న.”

సాయన్న దూరమయ్యాడు, ఇంజిన్ పోయింది, ఊళ్లో పరువు రేపు పోతుంది. అలాంటి వేళ బస్వరాజ్ ఏమన్నాడో తెలుసా?

“మనోరమ అన్నదా? నిజంగ?”

జగదీశ్ బండి చాలు చేశాడు.

సాయన్న ఇంజిన్ హుమ్నాబాద్‌లో బాగు చేయించుకున్నాడు. జహీరాబాద్‌కి తేలేదు. బస్వరాజ్ ఆయన ఇంటికి వెళ్లి తలుపు దగ్గర నిలబడితే, నారమ్మ మంచినీళ్లు ఇచ్చింది గానీ లోపలికి రమ్మనలేదు. ఇంజిన్ పని ఖర్చులో తన వాటా తీసుకొమ్మని మాణిక్ చేత కబురు పంపితే, సాయన్న వద్దని తిప్పి పంపాడు. ఆ వద్దనడమే అన్నిటికంటే ఎక్కువ కుంగదీసింది.

కొన్నాళ్లకి ఒక పొద్దున సాయన్న లారీ ఊళ్లోంచి వచ్చింది. మలుపు తిరగక ముందే బస్వరాజ్‌కి తెలిసిపోయింది. ఏ పొరా లేని ఉత్త ఇనుప మూత, కింద ఇంజిన్ దడదడా మోగుతోంది. అతను సూది వదిలి రోడ్డు అంచుకి వచ్చాడు. అవతల జగదీశ్ కూడా వచ్చాడు. లారీ మధ్యలోంచి పోతుంటే కిటికీలోంచి సాయన్న చెయ్యి బయటికి వచ్చి ఒకసారి ఊగింది. ఇటు ఇతనూ, అటు వాడూ, ఇద్దరూ చేతులెత్తారు.

“చూసినవా, పలకరించిండు” అన్నాడు బస్వరాజ్ గిరిజమ్మతో. ఆమె అప్పుడే సద్దితో వచ్చింది.

“మంచిదే. గని డ్రైవర్ కిటికీ అటు దిక్కుంటది గదయ్యా” అంది ఆమె.

నిజమే. డ్రైవర్ కూర్చునేది కుడివైపు. జగదీశ్ దుకాణం కుడివైపు. ఊగిన చెయ్యి అటే ఊగింది. ఆ చెయ్యి నాకా, వాడికా? బస్వరాజ్ రొట్టె సగం తిని లేచాడు. “తిరిగొచ్చేటప్పుడు కిటికీ నా దిక్కే ఉంటది. అప్పుడు చూద్దాం” అన్నాడు.

ఆ రోజూ మర్నాడూ అతనికి పని సాగలేదు. ప్రతి లారీ మోతకీ తలెత్తాడు. మర్నాడు ఎండ వాలుతుండగా ఆ దడదడ మళ్లీ వినిపించింది. పరుగున వెళ్లి రోడ్డు అంచున నిలబడ్డాడు. సాయన్న కనబడగానే ముందే చెయ్యి ఎత్తాడు. లారీ నెమ్మదిగానే వచ్చింది. కిటికీ తెరిచే ఉంది. సాయన్న అతన్ని చూశాడు. చూసి, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచుకుని, ముందుకి చూస్తూ వెళ్లిపోయాడు.

ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో బస్వరాజ్‌కి తెలియలేదు. మెల్లగా తల మీదికి తెచ్చి గోక్కున్నాడు. ఇదంతా జగదీశ్ చూశాడేమోనని రోడ్డు అవతలికి చూశాడు. చూశాడు, సందేహం లేదు. వాడు గబుక్కున వంగి, చేతిలో ఉన్న షీటుని అటూ ఇటూ తిప్పుతూ, లారీ వచ్చిందని గానీ పోయిందని గానీ తెలియనట్టు కొలతలు తీసుకోవడంలో మునిగిపోయాడు. ఎంత సహజంగా చేశాడంటే, కళ్లారా చూస్తున్న బస్వరాజ్ కూడా ఒక్క క్షణం నమ్మాడు. ఆఖరికి చూడనట్టు ఉండటం కూడా వీడికే బాగా వచ్చిందే అని అతనికి మళ్లీ ఒళ్లు మండింది.